వార్నర్ మనవాడా, వాళ్లవాడా?

ఐపీఎల్ మొదలైతే తిరుపతి టీ అంగళ్ల దగ్గర రెండు వర్గాలు. చెన్నై మూడు నాలుగు గంటల దారి, హైదరాబాదుకు రాత్రంతా రైల్లో కూర్చోవాలి. ధోనీ చొక్కాలకు ఇక్కడ కొదవేముంది? అలాంటి ఊళ్లోనూ సన్‌రైజర్స్‌కు మనుషులను కూడగట్టినవాడు డేవిడ్ వార్నర్.

2016లో కప్పు తెచ్చాడు. లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదితో కలిసి తెలుగు పాటలకు చిందేశాడు. అటువంటివాణ్ని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దింపారు, తర్వాత జట్టులోంచే తప్పించారు. అయినా గ్యాలరీలో కూర్చొని జట్టు జెండా ఊపాడు.

2022 మే 5న ఢిల్లీ తరఫున హైదరాబాదు మీదికే వచ్చాడు. 58 బంతుల్లో 92, నాటౌట్. చివరి ఓవర్లో సెంచరీకి సింగిల్ తీసివ్వనా అని అవతలి ఎండ్‌లో ఉన్న పావెల్ అడిగితే, అక్కర్లేదు, గట్టిగా బాదమన్నాడు. ఢిల్లీ 21 పరుగులతో నెగ్గింది. మన జట్టు ఓడిందని ఏడవాలో, మనవాడు ఆడాడని ఈల వేయాలో తెలియని రాత్రి అది.

పార్టీ మారిన ఎమ్మెల్యేను నానా మాటలూ అనే మనం వార్నర్‌ను వదిలేశాం. ఎమ్మెల్యే తనంతట తాను పోతాడు, ఇతణ్ని గెంటేశారు. పైగా శేషాచలం ఎర్రచందనం కథతో, చిత్తూరు యాసతో వచ్చిన ‘పుష్ప’ స్టెప్పును ఆస్ట్రేలియావాడై ఉండీ వేసినవాణ్ని పరాయివాడనడానికి ఇక్కడ ఎవరికి నోరొస్తుంది?

జట్లు మారిన ఆటగాళ్ల మీద ఈ సంచికలో ప్రత్యేక పుటలున్నాయి. 2019లో తెలుగు టైటన్స్ వదిలి తమిళ్ తలైవాస్‌కు వెళ్లిన కబడ్డీ వీరుడు రాహుల్ చౌధరి కథా ఉంది. పక్కింటి జట్టు కాబట్టి ఉత్తరాలు ఘాటుగానే వస్తాయని తెలుసు. రాయండి.