హృద్రోగ చికిత్స: ఆరుగంటల యాలస్యము

గుండెపోటు వచ్చిన రోగిని చూచినంతనే వైద్యునకు తోచు ప్రశ్న యొక్కటియే: గుండె కండరమెంత చెడినది? ఎంత దక్కించుకొనవచ్చును? నాడి పట్టి చూచినను ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. శరీరమునకెట్టి గాయమును చేయక, కొలది నిమిషములలో, స్వల్పవ్యయముతో దానిని సూచింపగల సాధనము హృదయ విద్యుల్లేఖనము. ఈసీజీ యను పేర నిది పట్టణవాసులందరకును పరిచితమే. అయినను దాని శక్తి యెట్టిదో, దాని హద్దులెట్టివో, మన దేశమున దాని ఫలమెవరికి దక్కుచున్నదో విచారించుట యావశ్యకము.

ఈ విద్యకు మూలపురుషుడు హాలెండు దేశమున లైడెను విశ్వవిద్యాలయాచార్యుడు విల్లెం ఐంథోవెన్. గత శతాబ్దపు తొలి యేండ్లలో ఆయన సన్నని క్వార్ట్జు తంతువును అయస్కాంతము నడుమ నిలిపి, గుండెనుండి వెలువడు అత్యల్ప విద్యుత్తును సైతము గుర్తింపగల యంత్రమును నిర్మించెను. దాని బరువు సుమారు 270 కిలోలు; దానిని నడుపుటకు ఐదుగురు కావలసివచ్చిరి. ఆ కృషికి 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నేడట్టి యంత్రము చేతిసంచిలో నిముడుచున్నది.

దీని మర్మము సులభగ్రాహ్యమే. కండరము సంకోచించుటకు ముందు దానియందు విద్యుత్తు వ్యాపించును. వక్షమునను కాలుసేతులను తగిలించిన పదితీగెలు దానిని పండ్రెండు దిక్కులనుండి చూచి కాగితముపై వ్రాయును. గుండెకు రక్తమునిచ్చు ధమని పూడుకొనినప్పుడు ఎస్, టీ అను గుర్తుల నడిమి రేఖ పైకి లేచును. ఇది ప్రమాదమున జిక్కియు నింకను పూర్తిగ చావని కండరపు మొర. కండరము చచ్చిన పిదప నది విద్యుత్తును పుట్టింపజాలదు. కావున క్యూ అను పల్లము వెడల్పై లోతగును, ఆర్ అను శిఖరము క్రుంగును. మొదటిది ఆపద్వార్త, రెండవది నష్టపు లెక్క.

ఈ లెక్కను అంకెలలోనికి తెచ్చిన వారు అమెరికా వైద్యులు రోనాల్డు సెల్వెస్టరు, గాలెన్ వాగ్నరు మొదలగువారు. క్యూ వెడల్పు, ఆర్ ఎత్తు మున్నగువానిని కొలిచి గుణాంకములు వేయుట వారి పద్ధతి. ఒక్కొక్క గుణాంకము ఎడమ జఠరికలో నూటికి సుమారు 3 పాళ్ల నష్టమునకు గుర్తు. ఏడు గుణాంకములు వచ్చిన రోగికి అయిదవవంతు కండరము పోయినదని యర్థము.

అయితే ఇది అంచనాయే గాని తూకము గాదు. రక్తపుపోటుచే గుండె గోడలు దళసరియైనవారియందును, విద్యున్మార్గమున అడ్డంకి యేర్పడినవారియందును ఈ గణనము తప్పుదారి పట్టవచ్చును. గాడోలినియము ఎక్కించి తీయు ఎమ్మారై చిత్రము ఇంతకంటె స్పష్టముగ చచ్చిన భాగమును చూపును. తొలి ఈసీజీ సరిగానున్నంత మాత్రమున గుండెపోటు లేదనియు నిశ్చయింపరాదు. మరల మరల తీయవలయును, రక్తపరీక్షయు చేయవలయును. కాని ఎమ్మారై మహానగరములకు పరిమితము; ఈసీజీ పల్లెకు సైతము పోగలదు. దాని ఘనత యందే యున్నది.

ఇక మన సంగతి. భారతదేశమున 50 నగరములలోని 89 ఆసుపత్రులలో ఇరువదివేలకు పైబడిన రోగులను పరిశీలించి, 2008లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన వివరములు కన్ను తెరిపింపదగినవి. నొప్పి మొదలైనది మొదలు ఆసుపత్రి చేరువరకు రోగులలో సగముమందికి 6 గంటలో, అంతకంటె నధికమో పట్టినది. ముప్పది దినములలో మరణించినవారు సంపన్నులలో నూటికి 5.5, పేదలలో 8.2. చికిత్సయందలి వ్యత్యాసమును లెక్కలోనికి తీసికొన్నంతనే ఈ తేడా మాయమైనది. అనగా పేదవానిని చంపినది విధి గాదు, అందని వైద్యము. రోగి వచ్చిన పది నిమిషములలో ఈసీజీ తీయవలెనని వైద్యశాస్త్రము విధించుచుండ, ఆరుగంటలు త్రోవలోనే గడచిన ఆ విధి యెవరికుపకరించును?

మార్గము లేకపోలేదు. తమిళనాడున చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో జోడించి నడపిన ప్రయత్నమున, ఏడాదిలోపలి మరణములు నూటికి 17.6 నుండి 14.2కు తగ్గినవని 2017లో ప్రకటింపబడినది. ఐంథోవెన్ సైతము 1905లోనే ఆసుపత్రిలోని రోగి హృదయలేఖనమును టెలిఫోను తీగెలమీద సుమారు మైలుదూరముననున్న తన ప్రయోగశాలకు రప్పించెను. చేతిలో ఫోనులేని యిల్లరుదైన ఈ కాలమున, పల్లెలోని లేఖనము జిల్లా వైద్యుని కన్నులబడుట కష్టమనుట సాకు మాత్రమే. ప్రతి ప్రాథమికారోగ్య కేంద్రమునను యంత్రము, దానిని నడుపనేర్చిన నర్సు, లేఖనమును తక్షణము చదువు నిపుణుడు, గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు — ఈ నాలుగును ఏకకాలమున నుండవలయును. ఒకటి లోపించినను తక్కిన మూడును వ్యర్థములు.

ప్రభుత్వమును మాత్రమే నిందించిన చాలదు. ఎదనొప్పిని వాయువని, అజీర్ణమని వామునీళ్లు త్రాగి తెల్లవారువరకు వేచియుండు వాడుక చదువుకొన్న గృహములయందును గలదు. పాత ఈసీజీ కాగితమును పొలము పత్రములతోపాటు భద్రపరచుట ప్రతి హృద్రోగి కుటుంబమునకును కర్తవ్యము. క్రొత్తదానిని దానితో పోల్చినగాని నష్టము నిన్నటిదో నేటిదో వైద్యునకు సులభముగ తెలియదు. గ్రామమున పలుకుబడి గల పెద్దలు గుడికి గోపురము కట్టించుటకు చూపు శ్రద్ధలో కొంత తమ యారోగ్యకేంద్రముపై చూపుదురుగాక. లేచిన రేఖ పల్లముగ మారకమునుపే దానిని చదువువా డుండవలయును. ఆ తరువాత మిగులునది లెక్క మాత్రమే.