బందరు తొవ్వ పడుతది సరే, మన వడ్ల బస్త ఎక్కుతదా?

తెలంగాణకు సముద్రం లేదు. గని మన బతుకులకు సముద్రంతోని సంబంధం లేదనుకుంటే తప్పు. 2025 వానాకాలంల యూరియా కోసం సొసైటీల ముంగట చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డది యాదికున్నదా? రామగుండం ఫ్యాక్టరీ నడువకపోవుడు ఒక కారణం. బయటి దేశాల నుంచి రావాల్సిన ఓడలు టైముకు రాకపోవుడు ఇంకో కారణం. ఎక్కడో రేవుల ఓడ ఆలస్యమైతే ఇక్కడ మన మక్క చేను పసుపు పచ్చగైంది. గందుకే పోర్టు ముచ్చట పట్నపోళ్లది, కంపెనీలోళ్లది అని మనం పక్కకు పెట్టొద్దు.

ఇప్పుడు గా ముచ్చటనే గట్టిగ నడుస్తున్నది. హైదరాబాద్ పక్కన కట్టాలనుకుంటున్న ఫ్యూచర్ సిటీ నుంచి అమరావతి మీదుగ బందరు పోర్టు దాక 12 లేన్ల కొత్త రోడ్డు, దాని పక్కన రైలు లైను, మన దిక్కు ఒక డ్రై పోర్టు కావాలని సీఎం రేవంత్ రెడ్డి కేంద్రాన్ని అడుగుతున్నరు. అటు బందరుల కొత్త పోర్టు పనులు 2023ల షురువైనయి. హైదరాబాద్ నుంచి బందరు సుమారు 340 కిలోమీటర్లు. ఇప్పుడు మన కంటైనర్లు ఎక్కువ పోయే ముంబై పక్కన జేఎన్‌పీటీకి దగ్గర దగ్గర 700 కిలోమీటర్లు. సగం దూరం తగ్గుతదంటే ఎవలకైనా ఆశ పుడుతది.

బందరు మనకు కొత్త కాదు. గోల్కొండ రాజ్యానికి అదే పెద్ద రేవు. 1611ల ఇంగ్లీషోళ్లు వచ్చి కోఠీ పెట్టుకున్నది అక్కడనే. రేవు చేయి జారినంక కూడ నిజాములు దాన్ని మరువలే. 1802 వ్యాపార ఒప్పందంల బందరు రేవు వాడుకునే హక్కు రాయించుకున్నరు. ఆఖరి నిజాం అయితే పోర్చుగీసోళ్ల కాడ గోవా రేవునే కొనాలని చూసిండు.

మరి అంత పేరున్న బందరు ఎందుకు పడిపోయింది? తొవ్వ లేక కాదు. 1889ల హైదరాబాద్ నుంచి రైలు బెజవాడ దాక వచ్చింది. బందరు కాడ సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగ ఆగితే చిన్న పడవల మీద సరుకు మోసేటోళ్లు. 1864 తుపానుల వేల మంది సచ్చిపోయిండ్రు. పెద్ద ఓడలు మద్రాసుకు మళ్లినయి. 1933ల విశాఖ హార్బర్ తెరిచిండ్రు. సరుకు ఓడ ఆగే కాడికి పోతది గని రోడ్డున్న కాడికి పోదు. గీ పాఠం ఇయ్యాల్టికి కూడ పనికొస్తది.

ఇగ బియ్యం సంగతి చూద్దాం. 2025 మార్చి ఆఖరుల మన సర్కారు కాకినాడ పోర్టు నుంచి ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల బియ్యం పంపింది. మనం దొడ్డు వడ్లనే 1010 రకం అది. మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి పోయి జెండా ఊపిండ్రు. మంచిదే. గని లెక్క చెయ్యుండ్రి: 25 టన్నుల లారీలైతే 500 కావాలె. గూడ్సు రైలైతే ఒక్కో రేకు సుమారు 2,600 టన్నులు మోస్తది, ఐదు రేకులతోని అయిపోతది. వడ్లు, బియ్యం, కరీంనగర్ గ్రానైటు అసొంటి బరువు సరుకుకు రైలే అగ్గువ. అంటే 12 లేన్ల రోడ్డు కంటె, బెజవాడ నుంచి గుడివాడ మీదుగ బందరు పోయే లైను ఎంత సరుకు మోయగలుగుతది, మన ఊళ్ల దగ్గరి గూడ్స్ షెడ్డుల ఎన్ని రేకులు దొరుకుతయి అనేది రైతుకు పెద్ద ముచ్చట.

మిర్చి, పత్తి బేళ్లు, మందుల సరుకు ఇంకో లెక్క. ఇవి కంటైనర్ల పోతయి. కంటైనర్ వ్యాపారంల దూరం ఒక్కటే చూడరు. ఆ పోర్టుకు వారానికి ఎన్ని ఓడలొస్తయి, ఏ దేశానికి సీదా పోతయి, ఖాళీ డబ్బాలు దొరుకుతయా అని చూస్తరు. దిగుమతి సరుకు దిగిన కాడనే ఖాళీ డబ్బా ఉంటది. హైదరాబాద్‌కు వచ్చే మిషన్లు, ఎలక్ట్రానిక్ సామాన్లు ముంబై దిక్కు నుంచి దిగితే, డబ్బాలు గూడ అటే తిరుగుతయి. కొత్త పోర్టుకు పెద్ద ఓడలు రాకపోతే, చిన్న ఓడల కొలంబో దాక పోయి అక్కడ మళ్ల మార్చుకోవాలె. ఖర్చు, రోజులు రెండూ పెరుగుతయి. 2024 మొదట్ల కృష్ణపట్నం నుంచి కంటైనర్ ఓడలు తమిళనాడు దిక్కు మళ్లినయని ఎంత లొల్లి అయిందో చూసినం. అక్కడ రేవున్నది, రోడ్డున్నది, అయినా ఓడలు పోయినయి.

ఇంకో తలుపు ఢిల్లీల ఉన్నది. 2023 జులైల కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతి బంద్ పెట్టింది. 2024 సెప్టెంబరు దాక తియ్యలే. ఆ ఏడాది పొడుగూత కాకినాడ రేవు ఎటూ పోలే, తాళం మాత్రం పడ్డది. 2025 సెప్టెంబరుల ఫిలిప్పీన్స్ కూడ తన రైతుల కోసం దిగుమతి ఆపింది. పోర్టు దగ్గరైనంత మాత్రాన కొనేటోడు దగ్గర కాడు.

అట్లని ఈ రోడ్డు వద్దని కాదు. మంచి పోర్టు, మంచి రైలు ఉంటే ఎరువు టైముకొస్తది, మన సరుకుకు ఒక్క తొవ్వ బదులు రెండు తొవ్వలుంటయి. గని గీ రోడ్డుకు భూములు పోయేది రంగారెడ్డి, నల్లగొండ రైతులయి. కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్లు మన పాత రోడ్ల లెక్క ఉండయి. ఎక్కడ పడితే అక్కడ ఎక్కనియ్యరు. ఎక్కే జాగ నీ ఊరికి 30 కిలోమీటర్ల దూరంల ఉంటే, పొలం మీదికెళ్లి పోయే లారీలను చూసుడే నీ వంతు. డ్రై పోర్టు గూడ అంతే. కస్టమ్స్ ఆఫీసు, సరుకు పరీక్ష చేసే ల్యాబు, కోల్డ్ స్టోరేజీ, రైలు లైను లోపల్నే ఉంటేనే దానికి విలువ. లేకుంటే అది లారీలు ఆపుకునే పెద్ద అడ్డ, దాని చుట్టు ప్లాట్ల దందా.

గందుకే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, సర్వే రాళ్లు పాతేటోళ్లు మీ ఊరికొచ్చిననాడు ఎకరాకు ఎంతిస్తరు అని అడిగి ఊకోకుండ్రి. ఎక్కే జాగ ఎక్కడ? రైలు లైను రోడ్డుతోని పాటే వస్తదా, పదేండ్లకు వస్తదా? డ్రై పోర్టుల మన రైతు సంఘాలకు గోదాము ఇస్తరా? మన పోరగాళ్లకు కస్టమ్స్ కాగితాల పని, క్రేన్ నడిపే పని నేర్పుతరా, లేక వాచ్‌మెన్ కొలువులతోనే సరిపెడుతరా? గ్రామసభల అడుగుండ్రి, జవాబు కాగితం మీద రాయించుకోండ్రి. నిజాం సుత ఒప్పందం రాయించుకున్నంకనే బందరు రేవును నమ్మిండు.