కుట్టినోడే రేటు చెప్పాలె: పాలమూరు, నల్లగొండ తోలు పని లెక్కలు

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన ఫ్యాషన్ షోలో ప్రాడా కంపెనీ మోడళ్లు అచ్చం కొల్హాపురీల్లాంటి చెప్పులు తొడుక్కొని నడిచారు. అవి ఎక్కడివో, ఎవరివో కంపెనీ చెప్పలేదు. మన దేశంలో నిరసన మొదలయ్యాక, ఆ డిజైన్‌కు మూలం భారతీయ చేతివృత్తి చెప్పులేనని ఒప్పుకుంది. డిసెంబర్‌లో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు పరిశ్రమ సంస్థలు లిడ్‌కామ్, లిడ్‌కర్‌లతో ఒప్పందం చేసుకుంది. 2,000 జతలు ఇక్కడే తయారు చేయిస్తామని, జత ధర సుమారు 800 యూరోలని ప్రకటించింది. అందులో కుట్టినవాళ్ల వాటా ఎంత అన్నది ఇంకా అడగాల్సిన ప్రశ్నే. కానీ అడగడానికి వాళ్ల వైపు ఒక కాగితం ఉంది. 2019లో కొల్హాపురీ చెప్పులకు వచ్చిన భౌగోళిక గుర్తింపు ఈ రెండు సంస్థల పేరు మీదే ఉంది.

ఆ చెప్పులు పుట్టిన జిల్లాల మీదుగా పారే కృష్ణ, నారాయణపేట జిల్లాలో తెలంగాణలోకి వస్తుంది. నారాయణపేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. గద్వాల చీరకు ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు, పుట్టపాక తేలియా రుమాలుకు ఉంది. ఇవన్నీ పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలవే. అవే ఊళ్లలో తరతరాలుగా రైతుల కాళ్లకు కిర్రు చెప్పులు కుట్టిన మాదిగల పనికి మాత్రం అలాంటి పేరు లేదు. పేరు సంగతి తర్వాత, కనీసం ధరన్నా ఉందా?

పరిశోధన పని మీద దేవరకొండ వైపు తిరుగుతున్నప్పుడు, వరసకు పెద్దనాయిన అయ్యే ఒకాయన దుకాణం ముందు కూర్చున్నాను. కొత్త చెప్పుల కోసం వచ్చిన రైతు "ఎంతనే?" అని అడిగాడు. పెద్దనాయిన తలెత్తకుండానే "మీరే చూసి ఇయ్యుండ్రి పటేలా" అన్నాడు. రైతు 500 చేతిలో పెట్టి పోయాడు. "రేటు నువ్వే చెప్పొచ్చు గద పెద్దనాయినా?" అంటే, "ఎన్నడు చెప్పినం బిడ్డా?" అన్నాడు.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. తోలు పనితో చిన్న దుకాణం నడపడానికి పనితనం, పెట్టుబడి, మార్కెట్ అన్నీ కావాలి. వాటన్నిటికంటే ముందు, చేసినవాడే ధర చెప్పగలగాలి. అది వ్యాపార సూత్రం మాత్రమే కాదు, వెట్టి విడిపోయిందనడానికి గుర్తు.

ధర లేని పని

నిజాం కాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ దొరల గడీలకు మాదిగలు చెప్పులు, వ్యవసాయానికి కావాల్సిన తోలు సామాన్లు ఊరికే చేసిపెట్టాలి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి పనుల్లో దీన్నీ లెక్కగట్టాడు. రైతుల దగ్గరైతే పంట మీద కొంత గింజ దక్కేది. అదీ కళ్లంలో వాళ్లు కొలిచినంతే. మోటలకు కరెంటు మోటార్లు వచ్చాయి, తోలు బొక్కెన పోయింది. కిర్రు చెప్పుల స్థానంలో ప్లాస్టిక్ చెప్పులు వచ్చాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటం గడీల వెట్టిని బద్దలు కొట్టింది. కానీ "మీరే చూసి ఇయ్యుండ్రి" అనే అలవాటు మిగిలిపోయింది. అది వినయం కాదు, ధర చెప్తే ఏమవుతుందో అన్న పాత భయం.

అసలు ఈ పని చెయ్యాలా?

ఈ ప్రశ్న అడిగే హక్కు విద్యార్థులకు ఉంది. 1927లో మహాడ్ సభల నాటి నుంచి చచ్చిన పశువులతో ముడిపెట్టిన పనులు వదిలేయమని అంబేద్కర్ చెప్పాడు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను బట్టలూడదీసి కొట్టినప్పుడు, కళేబరాలు ఎత్తేది లేదని అక్కడివాళ్లు తెగేసి చెప్పారు. అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత, ఎస్సీలను కళేబరాలు మోయమని, పారేయమని బలవంతం చేయడమే నేరం. ఊళ్లో ఎవరైనా "మీ పని మీరు చెయ్యాలె" అంటే ఈ సంగతి గుర్తు చేయాలి.

పని మానేయడం హక్కు అయితే, తన ఇష్టంతో, తన ధరకు చేయడమూ హక్కే. తేడా అంతా ఎవరు నిర్ణయిస్తున్నారన్న దగ్గరే ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం మీద వచ్చిన విమర్శ ఇదే. 18 చేతివృత్తుల్లో చెప్పులు కుట్టడాన్ని చేర్చి, గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి అనే మాటలతో 18 ఏళ్ల పిల్లలను కూడా కులవృత్తిలోకే నెడుతున్నారని తమిళనాడు ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. కుటుంబ వృత్తి షరతు లేకుండా, 35 ఏళ్లు దాటినవాళ్లకు 2025లో కలైంజ్ఞర్ కైవినై పథకం తెచ్చింది. ఆ విమర్శ సరైనదే. మన పిల్లలకు తోలు పని అనేక దారుల్లో ఒకటి కావాలి తప్ప, ఉన్న ఒక్క దారి కాకూడదు. అలాగని ఇప్పుడు పని చేస్తున్నవాళ్లు ఆ పథకం డబ్బు వదులుకోవాల్సిన పని లేదు.

ఒక జత లెక్క

కొలత తీసుకొని కుట్టే చెప్పుల జతకు లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, ఎవరి దుకాణంలో వాళ్లు మార్చుకోవాలి.

తోలు, అట్ట, దారం, జిగురు, బకిల్ కలిపి 420 రూపాయలు అనుకుందాం. దుకాణం కిరాయి, కరెంటు, పనిముట్ల అరుగుదల కింద జతకు 80. కోతలో వృథా అయ్యేదానికి, పాడయ్యే ముక్కలకు సామానులో పదో వంతు, అంటే 42. పని ఒకటిన్నర రోజు. పనితనం ఉన్న మనిషి రోజు కూలి 600 వేసుకుంటే 900. మొత్తం 1,442. దుకాణం పెరగడానికి దాని మీద 15 శాతం మిగులు కలిపితే సుమారు 1,650.

ఇదే జతను బేరానికి లొంగి 800కు ఇచ్చేస్తే? సామాను, కిరాయి, వృథా పోను మిగిలేది 258. ఒకటిన్నర రోజుకు అది రోజుకు 172 రూపాయలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. తట్ట మోసినా వచ్చే కూలి, ఆరె, రంపె, గూటం పట్టి ఇన్నేళ్లు నేర్చిన పనికి రావడం లేదన్నమాట. ఆ తేడా కుట్టినవాడు కొనేవాడికి ఇస్తున్న దానం. ధరలో తన కూలిని ముందు రాసుకోని ప్రతి దుకాణంలో ఇదే జరుగుతుంది.

ఊళ్లో 1,650 ఎవరు పెడతారని అడుగుతారు. ఫ్యాక్టరీ చెప్పుతో పోటీ పడితే ఎవరూ పెట్టరు. అందుకే ఫ్యాక్టరీ చేయలేని చోట నిలబడాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర తిరిగినవాళ్లున్నారు. షుగర్‌తో పాదం స్పర్శ పోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. రెండు పాదాలు రెండు సైజులున్నవాళ్లు ఉంటారు. షాపులో దొరికే ఏడు నంబరు, ఎనిమిది నంబరు వీళ్లకు సరిపోదు. స్పర్శ లేని పాదానికి లోపల మెత్తటి ఎంసీఆర్ రబ్బరు వేయాలి, మేకులు వాడకూడదు, కుట్టు ఒరుసుకోకూడదు, వేళ్ల మధ్య పట్టీ కాకుండా వెనక పట్టీ ఉండాలి. ఇది డాక్టర్ సలహాతో చేయాల్సిన పని. జిల్లా ఆస్పత్రి డాక్టర్‌తో ఒక్క పరిచయం, నాలుగు వీధుల ప్రచారం కంటే ఎక్కువ ఆర్డర్లు తెస్తుంది. పట్టణాల్లో బెల్టులు, పర్సులు, ల్యాప్‌టాప్ సంచులు అడిగేవాళ్లు వేరే.

చీటీ, కొలత, అడ్వాన్స్

ఆర్డర్ నోటిమాటతో తీసుకోవద్దు. కస్టమర్‌ను నిలబెట్టి రెండు పాదాలకూ కాగితం మీద గీత గీయాలి. కూర్చుంటే పాదం చిన్నగా వస్తుంది. సాయంత్రం పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది కాబట్టి అప్పుడు కొలిస్తే బిగుతు సమస్య తగ్గుతుంది. ఆ కాగితం మీదే పేరు, తేదీ, రంగు, ధర, ఇచ్చే రోజు రాసి దాచుకోవాలి. రెండోసారి వచ్చినప్పుడు ఆ కొలత మీ దగ్గరే ఉంటుంది. కస్టమర్ మళ్లీ మీ దగ్గరికే రావడానికి అదే కారణమవుతుంది.

అడ్వాన్స్ కనీసం సామాను ఖర్చంత ఉండాలి. ఒకరి కాలికి కుట్టింది ఇంకొకరికి అమ్ముడుపోదు. ఊరి పెద్దలను అడ్వాన్స్ అడగడానికి నోరు రాదు, నిజమే. అందుకే రేట్ల బోర్డు రాసి గోడకు పెట్టాలి. నోరు చెప్పలేనిది బోర్డు చెప్తుంది. "అందరికీ ఇదే పద్ధతి" అంటే పటేలుకూ అదే, పాలేరుకూ అదే. ధర చెప్పినందుకు కుట్టించుకోవడం మానేసి, కిరాణంలో సరుకు, కిరాయి ఇల్లు కూడా ఆపించే దాకా పోతే, అది ఆర్థిక బహిష్కరణ. అత్యాచార నిరోధక చట్టం కింద నేరం.

తోలు ఎక్కడిది?

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, 1.9 కోట్లు. పాలమూరు గొర్రెల మందలకు పేరు. ఆ తోళ్లు మాత్రం మటన్ కొట్టు నుంచి వ్యాపారి చేతికి, అక్కడి నుంచి తమిళనాడు ఫ్యాక్టరీలకు పోతాయి. శుద్ధి అయిన తోలును మనం చెన్నై పెరియమేట నుంచి కొనుక్కుంటాం. బతుకమ్మలో పేర్చే తంగేడు ఈ రాష్ట్ర పుష్పం. ఆ తంగేడు చెక్కతో లందలో తోలు శుద్ధి చేసిన విద్యకు ఏ గుర్తింపూ రాలేదు.

అయినా ఇప్పుడు ఇంటి దగ్గర లంద పెట్టమని చెప్పను. తోలు శుద్ధి కాలుష్య నియంత్రణ మండలి ఎర్ర జాబితాలో ఉంది. క్రోమియం కలిసిన నీళ్లు మన వాడ బోర్లలోకే దిగుతాయి. సిద్ధంగా ఉన్న తోలే కొనాలి, కానీ ఒక్కరు కాదు. ఎనిమిది పదిమంది కలిసి ఒకేసారి తెప్పిస్తే రవాణా తగ్గుతుంది, మంచి ముక్క ఎంచుకునే బలం వస్తుంది. బిల్లు లేకుండా తోలు కొనవద్దు. అది మేకదో, గొర్రెదో, బర్రెదో బిల్లు మీద రాయించుకోవాలి. గోరక్షణ పేరుతో దారికాసే మూకలున్న కాలంలో ఆ కాగితం లెక్కల కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

అప్పు, పన్ను

విశ్వకర్మ పథకంలో శిక్షణ రోజులకు 500 చొప్పున భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వోచర్, 5 శాతం వడ్డీకి మొదటి విడతలో లక్ష దాకా అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే. దరఖాస్తు మీద మొదటి పరిశీలన గ్రామ పంచాయతీదే కాబట్టి, అక్కడ ఆగిపోకుండా సంఘాలు వెంటపడాలి.

పనిముట్ల వోచర్ తీసుకోండి. లక్ష అప్పు మాత్రం లెక్క చూసి తీసుకోండి. 18 నెలల్లో తీర్చాలంటే నెలకు సుమారు 5,800 కట్టాలి. పై లెక్కలో ఒక్క మనిషి నెలకు 16 జతలు కుడితే వచ్చే మిగులు 3,300 చుట్టూ. తక్కువ పడేది తన కూలిలోంచే పోతుంది. ఆర్డర్లు పెరిగి ఇంకో మనిషి పనిలో చేరాక కుట్టు మెషిన్ కొనాలి. అప్పు వచ్చింది కదా అని ముందే మెషిన్ కొనొద్దు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు చెప్పుల జత మీద జీఎస్టీ 5 శాతం. శుద్ధి చేసిన తోలు మీదా 12 నుంచి 5కు తగ్గింది. తెలంగాణలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాంటి దుకాణం కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. తోలు మీద కట్టిన పన్ను తిరిగి రాదు కాబట్టి దాన్ని సామాను ఖర్చులోనే కలుపుకోవాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం అందరూ చేసుకోవాలి. అది ఉచితం, డబ్బులడిగే దళారిని నమ్మొద్దు.

వర్గీకరణ తర్వాత

2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం. 1994 జులై 7న ఈదుమూడిలో దండోరా మోగిన నాటి నుంచి మూడు దశాబ్దాల పోరాటం దాని వెనుక ఉంది. అది చదువులకు, ఉద్యోగాలకు. రోడ్డు పక్క దుకాణంలో కూర్చున్న పెద్దనాయినకు ఆ 9 శాతం ఎలా చేరుతుంది?

ప్రభుత్వ కొనుగోళ్లలో చేరాలి. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలన్న నియమం 2012 నుంచి ఉంది. రాష్ట్రంలో గురుకులాల పిల్లల బూట్లు, ఆస్పత్రుల్లో షుగర్ రోగుల చెప్పులు తోలు పనివాళ్ల సహకార సంఘాల నుంచే కొనాలని అడగాలి. 1973లో లిడ్‌క్యాప్ పెట్టింది ఈ పనివాళ్ల పేరు చెప్పే. ఆ సంస్థ వారసత్వం తోలు కొని నిల్వచేసే డిపోల రూపంలో పాలమూరుకు, నల్లగొండకు రావాలి. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ మొదలుపెట్టిన చమార్ స్టూడియో తిట్టుగా వాడిన పేరునే బ్రాండ్‌గా నిలబెట్టింది. పాలమూరు కిర్రు చెప్పుకూ భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టవచ్చు. దానికి ఊరూరా పెద్దల నోట పద్ధతులు, పనిముట్ల పేర్లు, పాత జతలు రికార్డు చేయాలి. యూనివర్సిటీల్లో ఉన్న మనలాంటి వాళ్లు చేయగలిగిన పని ఇది.

అంతకంటే ముందు, వచ్చే సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ వాడలో చెప్పులు కుట్టే పెద్దమనిషి పక్కన ఒక పూట కూర్చోండి. ఒక జతకు లెక్క వేసి చూపండి. రేట్ల బోర్డు రాసివ్వండి. నేను పెద్దనాయినకు రాసిచ్చిన అట్ట ముక్క మీద చివరి వరుస ఇది: "కొలత చెప్పులకు అడ్వాన్స్ సగం." ఆయన చదివించుకొని, చాలాసేపు చూసి, "గోడకు నువ్వే కొట్టు బిడ్డా" అన్నాడు. మేకు కొడుతుంటే మళ్లా ఆపి, "కాదు, ఇటియ్యి" అని తనే కొట్టాడు.