ఉద్యోగం వేరు, కంపెనీ వేరు
సబ్బవరం పల్లెల్లో మారిన పని లెక్క

సబ్బవరం: “అబ్బాయి ఏం చేస్తున్నాడు?” అని అడిగితే మండలంలోని పల్లెల్లో రెండు రకాల జవాబులు వస్తున్నాయి. ఒకటి “ఉద్యోగం”. రెండవది “కంపెనీకి వెళుతున్నాడు”. రెండూ జీతం తెచ్చేవే. అయినా పెళ్ళి సంబంధాల దగ్గర రెండింటికీ ఒకే విలువ లేదు. నేటి యువత పనిని ఎలా చూస్తున్నదో ఈ ఒక్క తేడా చెబుతుంది.

పెద్దల తరానికి ఉద్యోగమంటే విశాఖ ఉక్కు కర్మాగారం. 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినప్పటి నుంచి ఈ ప్రాంతపు ఆశలన్నీ దాని చుట్టూ తిరిగాయి. పర్మినెంటు అయితే జీవితం ఒడ్డున పడినట్లే. ఆ నమ్మకం ఇప్పుడు సడలింది. కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయించింది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల సాయం ప్రకటించింది. అయినా అదే ఏడాది మే నెలలో కాంట్రాక్టు కార్మికులు తొలగింపులకు వ్యతిరేకంగా సమ్మెకు దిగారు.

అడిగే ప్రశ్నలు మారాయి

ఇప్పుడు యువతకు అందుబాటులో ఉన్నవి పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్‌లలోని పనులు. వాటిలో చాలావరకు కాంట్రాక్టరు కింద చేసేవే. అందుకే “జీతమెంత?” అన్నదానితో పాటు “ఏ షిఫ్టు? బస్సు వస్తుందా? ఓటీ కడతారా?” అని కూడా అడుగుతున్నారు. పెద్దలు దీనిని బద్ధకమంటున్నారు. నిజానికి ఇది బద్ధకం కాదు, లెక్క. పది గంటల డ్యూటీకి రానుపోను రెండు గంటలు కలిపితే పన్నెండు. నిద్రకు ఎనిమిది తీసివేస్తే ఇంటికి, పశువులకు, పొలానికి మిగిలేది నాలుగే గంటలు. ఆడపిల్లలకైతే ఆ నాలుగు గంటలూ వంటింటికే సరిపోతున్నాయి.

ప్రాణభయం కూడా ఈ లెక్కలో ఉన్నది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. ఆనాటి నుంచి కొడుకు డ్యూటీ నుంచి వచ్చేవరకు తల్లులకు నిద్ర పట్టడం లేదు.

చట్టం ఏమంటున్నది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటల హద్దు పెట్టింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం రోజు హద్దును 10 గంటలకు పెంచింది. వారపు హద్దును మాత్రం 48 గంటలుగానే ఉంచింది. అదే ఏడాది నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమలులోకి తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వాలి. అదనపు గంటలకు రెట్టింపు రేటు కట్టాలి.

అయితే కాగితం చేతిలో లేనివాడు గంటల లెక్క ఎవరిని అడగగలడు? అడిగినవానికి మరునాడు గేటు పాసు ఉంటుందన్న భరోసా ఏదీ? యువకుల అసలు బాధ ఇదే. వారు పనికి వెనుదీయడం లేదు. పనికి హద్దు, హద్దుకు పూచీ కోరుతున్నారు.

కార్మిక శాఖ అధికారులు గ్రామాలకు వచ్చి ఈ హక్కులను వివరించవలసి ఉన్నది. దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం సబ్బవరంలోనే ఉన్నది. అక్కడి విద్యార్థులు నెలకొకసారి పల్లెల్లో కూర్చుని జీతం చీటీలు, నియామక పత్రాలు చదివిపెట్టినా ఎంతో మేలు జరుగుతుంది. షిఫ్టు వేళలకు బస్సులు నడిపితే రోజుకొక గంటైనా ఇంటికి దక్కుతుంది.