అసలు దీర్చుటయా, నిలువ యుంచుటయా?

వేరుశనగ యమ్మిన పిమ్మట చేతిలో నాలుగు రూపాయలు మిగిలిన రైతు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, తనఖా ఋణమునకు వాయిదాకు మించి కట్టివేయుదునా, లేక బ్యాంకులో డిపాజిట్టు చేయుదునా?" అప్పు నిప్పువంటిదని వినుచు పెరిగిన మనకు మొదటి మార్గమే తోచును. మేమును పూర్వ మట్లే చెప్పుచుంటిమి. బుక్కరాయసముద్రపు రైతొకడు మా మాట విని చేతిసొమ్మంతయు అసలునకు జమకట్టెను. మరుసటి యేట వానలు తప్పెను. విత్తనమునకును మేతకును నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చి, తుదకు కాడెద్దుల నమ్ముకొనెను. తప్పు అతనిది కాదు, మాది. కావుననే ఈ వ్రాత.

1929లో చెన్నపట్టణమున కేంద్ర భూమి తనఖా బ్యాంకు నెలకొల్పబడినప్పుడు, సాహుకారు బాకీని దీర్చి, రైతు తన రాబడికి తగిన దీర్ఘకాలపు వాయిదాలలో చెల్లించుకొనవలెననుటయే ఉద్దేశము. వాయిదా దీర్చుటకై మరల సాహుకారు గడప త్రొక్కిన, ఆ ఉద్దేశమే చెడును.

ఒక లెక్క చూతము. తనఖా ఋణము 12 శాతము వడ్డీకి 2,00,000 రూపాయలు, డిపాజిట్టుపై వడ్డీ 7 శాతము, చేతిలో మిగులు 50,000 అనుకొందము. అంతయు అసలునకు కట్టినవానికి ఏటికి 6,000 వడ్డీ తగ్గును. 30,000 కట్టి 20,000 నిలువయుంచినవానికి 3,600 తగ్గి, 1,400 వచ్చును, మొత్తము 5,000. మంచి యేట మొదటివానికే 1,000 మేలు. వాన తప్పిన యేట మొదటివాడు 20,000 బయట తెచ్చి, 4,800 వడ్డీ కట్టగా మిగులునది 1,200. రెండవవాడు ఏడాది మొదటనే డిపాజిట్టు తీసికొనినను 3,600 మిగులును. భేదము 2,400. మూడేండ్లకొక కరవు వచ్చినను రెండవవాడే మెఱుగు. సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసెడు అనంతపురపు సీమలో ఈ లెక్క మరువరాదు.

కావున మా అభిప్రాయ మిది. బయటి హెచ్చువడ్డీ అప్పును మొట్టమొదట దీర్పుడు. పిమ్మట ఒక కారునకు వలయు విత్తనము, మేత, ఇంటి గ్రాసమునకు సరిపడు సొమ్ము నిలువయుంపుడు. తక్కినది తనఖా అసలునకు కట్టి, రసీదులో "అసలునకు జమ" అని వ్రాయించుకొనుడు. రాయితీ వడ్డీ గల పంటఋణమును గడువు దాటనీయకుడు. అయినను గడువునకు చాల ముందుగా దీర్చి చేయి ఖాళీ చేసికొనవలదు.

చేతిలో సొమ్ము పెండ్లిపేరంటములకు కరగిపోవునని కొంద రందురు. అది నిజమే. అందుచేతనే దానిని పెట్టెలో గాక గడువు డిపాజిట్టులో నుంపుడు. బ్యాంకు డిపాజిట్టునకు 2020 నుండి 5 లక్షల వరకు బీమా కలదు; గ్రామ పరపతి సంఘపు డిపాజిట్టునకు ఆ బీమా లేదని తెలిసి మసలుకొనుడు.

బుక్కరాయల పేర వెలసిన మన చెరువు నిండిన నాడు నీరంతయు ఒక్కమారు తూములగుండ విడువము గదా! చివరి తడికి కొంత నిలుపుదుము. సొమ్మునకును అదియే న్యాయము. సభ్యులు యోచింతురు గాక.