చదువు వాడకే రావాలె

పగలంతా కూలికి పోయి, ఆదివారం వాక్యం చెప్పే పాస్టర్లు మన వాడల్లో ఎంతమంది లేరు? అటువంటి మనిషిని మూడేండ్లు హైదరాబాదు హాస్టల్లో ఉండి చదువుకొని రమ్మంటే ఇల్లెవరు నడపాలె? పిల్లల ఫీజెవరు కట్టాలె? అందుకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చర్చిలోనే బైబిలు కాలేజీ శాఖ నడపాలన్న ఆలోచనను మేము సమర్థిస్తున్నాం. ఎట్ల నడపాలె అన్న దగ్గరే మా పేచీ.

ఇది కొత్త సంగతి కాదు. 1963లో గ్వాటెమాలా దేశంలో ఒక సెమినరీకి ఇదే చిక్కొచ్చింది. పల్లె సంఘాల పెద్దలు పొలం, సంసారం వదిలి రాలేకపోయిన్రు. దాంతో సెమినరీయే వాళ్ల దగ్గరికి పోయింది. ఇంటికాడ పాఠం చదువుకోవాలె, దగ్గర్లోని కేంద్రంలో కూడి చర్చించాలె. ఈ పద్ధతి మీదనే 1971లో బెంగుళూరులో టాఫ్టీ సంస్థ పుట్టింది.

మనోళ్ల చరిత్ర ఇంకా పాతది. ఒంగోలు సీమ మాదిగ, తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరూరా తిరిగి బోధించాడు. రామాపట్నం సెమినరీ 1870లలో గాని పుట్టలేదు. అంటే సంఘం ముందు, కాలేజీ తర్వాత. ఈ వరుస మరవొద్దు.

శాఖ పెట్టేవాళ్లను మేము నాలుగు మాటలు అడుగుతున్నాం.

ఒకటి, సర్టిఫికెట్టు గురించి నిజం చెప్పాలె. సెరాంపూరు కాలేజీకి డిగ్రీలిచ్చే హక్కు 1827లో డెన్మార్కు రాజు చార్టరుతో వచ్చింది. హైదరాబాదు ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ దానికి అనుబంధంగా నడుస్తది. మీ కాగితానికి అటువంటి గుర్తింపు ఉందా, లేదా? లేకుంటే తప్పేం లేదు. లేదని చేరేరోజే చెప్పాలె. పట్టా చేతికిచ్చినంక చెప్పడం మోసం.

రెండు, లెక్కలు. మన వాడల పేరు మీద వచ్చిన ప్రతి రూపాయి లెక్క ఆదివారం ఆరాధన తర్వాత అందరి ముందు చదవాలె. శాఖ పాస్టరు ఇంటి ఆస్తి కాదు.

మూడు, వేళలు, మనుషులు. సాగర్ ఎడమకాలువ కింద నాట్లు, కోతలు నడిచే రోజుల్లో పగటి క్లాసులు పెడితే ఎవరొస్తరు? రాత్రిపూట పెట్టాలె. చర్చి నిండా ఉండేది ఆడోళ్లే, చదువు మాత్రం మగోళ్లకా? వాళ్లకు సగం సీట్లివ్వాలె.

నాలుగు, పాఠం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే కట్టిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. కాగితం మీద మారినోళ్లం, ఊరి దృష్టిలో మాత్రం వాడోళ్లమే. ఈ సంగతి పాఠంలో ఉండొద్దా? మాలోళ్ల చర్చి, మాదిగోళ్ల చర్చి అని మనమే గీసుకున్న గీత మీద చర్చ ఉండొద్దా? రెండు వాడల పిల్లలు ఒకే చాప మీద కూసొని చదివితేనే అది కాలేజీ.

ఈ నాలుగూ ఒప్పుకున్నోళ్లకు మన చర్చి తలుపు తియ్యాలె. ఒప్పుకోనోళ్లను అందరి ముందు నిలబెట్టి అడగాలె. శతాబ్దాలుగా మనకు అక్షరం దక్కనియ్యలేదు. ఇప్పుడు వాకిట్లోకొచ్చిన చదువు ఎవరి చేతిలో ఉండాలో మనమే తేల్చాలె.