ఉర్దూలోకి వచ్చాక నేరమైన నవల

2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట సౌధాలు కూలిన తర్వాతే పాకిస్తాన్ ఆంగ్ల సాహిత్యం పుట్టిందన్న మాట ఈ వారం మరోచోట అచ్చులో కనిపించింది గనుక, దానిని ఇక ఉపేక్షించడం సరికాదు. ఆ మాటకు సాక్ష్యంగా ఎప్పుడూ చూపే నలుగురు నవలాకారులలో నదీమ్ అస్లమ్ తొలి నవల 1993లో, కమీలా షంసీది 1998లో, మొహ్‌సిన్ హమీద్‌ది 2000లో వెలువడ్డాయి. మిగిలిన మహమ్మద్ హనీఫ్ తొలి నవలలోని కథ 1988 నాటిది. తారిక్ రహమాన్ ఆ సాహిత్య చరిత్రను గ్రంథంగా రాసి ప్రచురించినది 1991లో. పుట్టని సాహిత్యానికి పదేళ్ల ముందే చరిత్ర రాయడం ఎవరికీ సాధ్యం కాదు. 2001 తర్వాత పెరిగినది పాశ్చాత్య ప్రచురణకర్తల ఆసక్తి మాత్రమే.

ఆ సాహిత్యానికి తొలి పునాది రాయి పాకిస్తాన్ ఏర్పడకముందే పడింది. 1932లో లక్నోలో నలుగురు యువ రచయితలు ‘అంగారే’, అంటే నిప్పుకణికలు, అనే ఉర్దూ కథా సంపుటిని తెస్తే, మతపెద్దలు మండిపడగా నాటి యునైటెడ్ ప్రావిన్సెస్ ప్రభుత్వం మరుసటి ఏడాదే దానిని నిషేధించింది. ఆ నలుగురిలో ఒకరైన అహ్మద్ అలీ 1940లో, పాత ఢిల్లీ ముస్లిం కుటుంబాల జీవితం కళ్లెదుటే కరిగిపోవడాన్ని చిత్రిస్తూ, ‘ట్వైలైట్ ఇన్ ఢిల్లీ’ అనే నవలను ఆంగ్లంలో లండన్‌లోని హోగార్త్ ప్రెస్ ద్వారా ప్రచురించారు. దేశ విభజన నాటికి చైనాలో అధ్యాపకుడిగా ఉన్న ఆయన, తిరిగి ఢిల్లీ చేరే వీలు లేక, 1948లో కరాచీలో స్థిరపడ్డారు; ఆ విధంగా ఢిల్లీ గల్లీల నవల పాకిస్తాన్ ఆంగ్ల సాహిత్యానికి ఆదిగ్రంథమయింది. ఒకే రచయిత చేయి ఉన్న రెండు పుస్తకాలలో ఉర్దూది నిషేధానికి గురి కావడం, ఆంగ్లానిది గ్రంథాలయాలకు చేరడం గమనించదగినది.

1947 తర్వాత కూడా ఈ తేడా పోలేదు. లాహోరు చేరిన ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో ‘ఠండా గోష్త్’ కథకు అశ్లీలత నేరం కింద కోర్టుల చుట్టూ తిరిగారు. ఆంగ్ల రచయితల కష్టం వేరు రకానిది. వారిని ప్రభుత్వం పట్టించుకోలేదు, ప్రచురణకర్తలూ పట్టించుకోలేదు. పార్సీ కుటుంబంలో పుట్టిన బాప్సీ సిధ్వా ‘ది క్రో ఈటర్స్’ నవలను 1978లో లాహోరులో సొంత ఖర్చుతో అచ్చు వేయించుకోవలసి వచ్చింది. విభజన నాటి లాహోరును ఒక పార్సీ బాలిక కళ్లతో చూపిన ఆమె ‘ఐస్ క్యాండీ మ్యాన్’, దీపా మెహతా ‘ఎర్త్’ చిత్రానికి మూలంగా తెలుగువారికీ పరిచయమే. సరిహద్దు తెగల మధ్య ఉద్యోగం చేసిన జమీల్ అహ్మద్ 1970లలో రాసిన కథలు 2011 దాకా పుస్తకం కాలేదు. సారా సులేరీ 1989లో ప్రచురించిన ‘మీట్‌లెస్ డేస్’ స్మృతిగ్రంథంలోని వచనానికి సాటి రాగలది ఆ తర్వాత ఆ దేశపు ఆంగ్లంలో రాలేదనే చెప్పాలి.

ఈ చరిత్ర అంతటికీ కీలకం హనీఫ్ నవలలో ఉంది. సైనిక పాలకుడు జనరల్ జియా ఉల్ హక్ 1988 ఆగస్టు 17న బహావల్‌పూర్ దగ్గర విమానం కూలి మరణించిన ఘటనను ఆధారం చేసుకుని, సైనిక పాలనను నిర్దాక్షిణ్యంగా ఎండగట్టిన ‘ఎ కేస్ ఆఫ్ ఎక్స్‌ప్లోడింగ్ మ్యాంగోస్’ 2008లో వెలువడి, పదకొండేళ్ల పాటు పాకిస్తాన్ దుకాణాలలో నిరాటంకంగా అమ్ముడుపోయింది. 2019లో దాని ఉర్దూ అనువాదం వచ్చింది. 2020 జనవరిలో గూఢచారి సంస్థ వారమని చెప్పుకున్న కొందరు కరాచీలోని ప్రచురణ సంస్థ కార్యాలయానికి వచ్చి ప్రతులన్నిటినీ పట్టుకుపోయారని హనీఫ్ స్వయంగా వెల్లడించారు. పాత్రలు మారలేదు, కథ మారలేదు. మారినది చదివేవారి సంఖ్య. అంతర్జాతీయ విమర్శకులు ఇంతగా మెచ్చుకునే పాకిస్తాన్ ఆంగ్ల నవల స్వేచ్ఛ, సామాన్యులు దానిని చదవరన్న నమ్మకంతో అధికారం వదిలిపెట్టిన స్వేచ్ఛ.

ఉర్దూ స్థానం కూడా ఆ దేశంలో పూర్తిగా గట్టిది కాదు. 1973 రాజ్యాంగంలోని 251వ అధికరణం పదిహేనేళ్లలో ఉర్దూను అధికార వ్యవహారాలలోకి తేవాలన్నది. 2015లో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. ఆ ఉర్దూ మాతృభాషగా ఉన్నవారు 2023 జనాభా లెక్కల ప్రకారం పది శాతం కంటే తక్కువ కాగా, మూడో వంతుకు పైగా ప్రజలు మాట్లాడే పంజాబీకి బడిలో దక్కవలసిన చోటు దక్కలేదు. పంజాబీ సూఫీ కవి బుల్లే షాను ఆంగ్లంలోకి తెచ్చిన కవి తౌఫీక్ రఫత్ వంటివారు పదిమంది ఉండి ఉంటే ఆ ఆంగ్ల సాహిత్యానికి కాళ్లు నేల మీద నిలిచేవి. ఇంతిజార్ హుసేన్ 1979లో ఉర్దూలో ప్రచురించిన నవల ‘బస్తీ’ ఆంగ్లంలోకి రావడానికి పదహారేళ్లు పట్టింది. అనువాదకుడికి పేరూ ప్రతిఫలమూ ఇవ్వని సాహిత్య వ్యవస్థ ఏ దేశంలోనిదైనా తన పాఠకులకే ద్రోహం చేస్తున్నది.

ఈ ద్రోహంలో సరిహద్దుకు ఇవతలి వారికీ భాగముంది. హమీద్, షంసీల ఆంగ్ల నవలలు బహుళజాతి సంస్థల భారతీయ శాఖల ద్వారా హైదరాబాదు, విజయవాడ దుకాణాలకు సులువుగా వస్తున్నాయి. లాహోరు, కరాచీలలో అచ్చయ్యే ఉర్దూ పుస్తకాలకు ఆ దారి లేదు. 2019 ఆగస్టులో పాకిస్తాన్ భారత్‌తో వాణిజ్యాన్ని ఆపింది. 2025 మేలో భారత ప్రభుత్వం అక్కడి దిగుమతులన్నిటితో పాటు తపాలాను, పార్సెళ్లను కూడా నిలిపివేసింది. ఆయుధాలకూ పుస్తకాలకూ ఒకే కట్టడి వర్తింపజేసిన ఆ ఉత్తర్వుల వల్ల, కరాచీలో పట్టుకుపోగా ఎక్కడైనా మిగిలిన హనీఫ్ ఉర్దూ ప్రతి ఒక్కటి ఉన్నా, దానిని పాతబస్తీలోని ఉర్దూ పాఠకుడికి తపాలాలో పంపే మార్గం కూడా మూసుకుపోయింది.